కుక్క వెంటపడితే ఏం చేయాలి? ఇంటికొచ్చి ఎవరికి చెప్పాలి?



సాయంత్రం మీ అబ్బాయి సైకిల్ మీద ఇంటికి వస్తాడు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి ఉంటుంది. మోచేతికి మట్టి అంటుకుని ఉంటుంది. "ఏమైంది నాన్నా?" అంటే, "ఏం లేదు మమ్మీ, సైకిల్ జారింది" అంటాడు. మీరు మోచేతికి మందు రాసి, "చూసుకుని తొక్కాలి కదా" అని మందలించి మీ పనిలో పడతారు. కోళ్ల ఫారం మలుపులో మూడు కుక్కలు వెంటపడిన సంగతి మీకు తెలియదు. వాటిలో ఒకదాని పన్ను పిక్కకు తగిలిందని అసలే తెలియదు. చెబితే తిడతారనో, సైకిల్ తీసేసుకుంటారనో వాడి భయం.

మన పిల్లల్లో చాలామంది స్కూలు బస్సులోనే వస్తారు. అయినా ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి, ట్యూషన్‌కు, ఆదివారం గ్రౌండ్‌కు సైకిల్ మీదే వెళ్లేవారు ఉన్నారు. ముఖ్యంగా పల్లె రోడ్ల మీద వెళ్లే పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

కుక్క ఎందుకు తరుముతుంది?

కదిలే వస్తువు వెంట పరుగెత్తడం కుక్క స్వభావం. గిరగిర తిరిగే చక్రం, ఆడే కాళ్లు దాన్ని ఇంకా రెచ్చగొడతాయి. రెండో కారణం హద్దు. చికెన్ కొట్టు, చెత్త కుప్ప, కోళ్ల ఫారం, గొర్రెల దొడ్డి లాంటి చోట్ల తిండి దొరికే కుక్కలు ఆ జాగాను తమదిగా భావిస్తాయి. ఆ హద్దు దాటగానే చాలా కుక్కలు వాటంతట అవే ఆగిపోతాయి. మూడోది, పిల్లలున్న తల్లి కుక్క. మామూలు రోజుల్లో తోక ఊపే కుక్క కూడా ఈనిన తర్వాత కొన్ని వారాలు ఎవరినీ దగ్గరికి రానివ్వదు.

అంటే కుక్కలు తరిమే చోట్లు చాలావరకు ముందే తెలిసినవే. ఒకరోజు మీ పిల్లలతో కలిసి వాళ్లు వెళ్లే దారిలో వెళ్లండి. ఎక్కడ కుక్కలు ఉంటాయో వాళ్లనే చూపించమనండి. మరో దారి ఉంటే రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా అదే మేలు. లేకపోతే ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి వెళ్లేలా చూడండి.

స్పీడు పెంచితే తప్పించుకోవచ్చా?

పెద్దవాళ్లు గట్టిగా తొక్కి బయటపడగలరేమో. పుస్తకాల బ్యాగు మోస్తున్న పదేళ్ల పిల్లకు అది సాధ్యం కాదు. కుక్క గంటకు 30 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తగలదు. పైగా వెనక్కి చూస్తూ తొక్కే పిల్ల రోడ్డు మధ్యలోకి వెళ్లిపోతుంది. అప్పుడు కుక్క కంటే ఎదురుగా వచ్చే ట్రాక్టర్‌తోనే ప్రమాదం ఎక్కువ. అందుకే పిల్లలకు ఇలా చెప్పండి:

- కుక్కలు కనబడగానే వేగం తగ్గించాలి. వెనక వచ్చే బండ్లను చూసుకుని రోడ్డు పక్కకు వచ్చి ఆగాలి.
- సైకిల్ దిగి, తనకూ కుక్కకూ మధ్య సైకిల్ అడ్డంగా ఉండేలా నిలబడాలి. చక్రం ఆగితే చాలా కుక్కల ఉత్సాహం చల్లారుతుంది.
- కుక్క కళ్లలోకి చూడకూడదు, దానికి వీపు చూపించకూడదు. ఏడవకుండా, అరవకుండా ఒక్కసారి గట్టిగా "పో!" అనాలి.
- సైకిల్‌ను అడ్డంగానే ఉంచుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లాలి. కుక్క ఆగిపోయిన తర్వాత, కొంత దూరం నడిచాకే మళ్లీ ఎక్కాలి.
- సైకిల్ తొక్కుతూ కాలితో తన్నకూడదు. బ్యాలెన్స్ పోతుంది, కాలు కుక్క నోటి దగ్గరికే వెళ్తుంది.

రాయి తీస్తున్నట్టు వంగితే కుక్క పారిపోతుందని మనం చిన్నప్పుడు నేర్చుకున్నాం. చిన్నపిల్లలకు ఇది నేర్పకండి. వంగితే వాళ్ల ముఖం కుక్క ఎత్తుకు వస్తుంది. పైగా ఇవాళ రాళ్ల దెబ్బలు తిన్న కుక్క రేపు అదే దారిలో వెళ్లే మరో పిల్లను చూసి రెచ్చిపోవచ్చు.

ఒకవేళ కింద పడిపోతే లేచి పరుగెత్తకూడదు. మోకాళ్లు పొట్టకు ముడుచుకుని, చేతులతో చెవులు, మెడ కప్పుకుని, ముఖం నేలవైపు దాచుకుని కదలకుండా ఉండాలి. ఇంట్లో పరుపు మీద ఒకటి రెండుసార్లు ఆటలా చేయించండి.

ఇంటికి వచ్చాక: ముందు సబ్బు, నీళ్లు

కుక్క కరిచినా, పన్ను గీరుకున్నా, గోరు తగిలి చర్మం లేచినా, ఉన్న గాయాన్ని నాకినా చేయవలసిన మొదటి పని ఒకటే. కుళాయి కింద నీళ్లు పారుతుండగా సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఒంటి సబ్బైనా, బట్టల సబ్బైనా ఫరవాలేదు. గడియారం చూసి మరీ కడగండి. గాయంలో చేరిన వైరస్‌ను చాలావరకు అక్కడే తొలగించే పని ఇది. కారం, పసుపు, సున్నం, ఆకు పసరు ఏవీ పెట్టకండి. గట్టిగా కట్టు కట్టకండి.

తర్వాత అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ వైరస్ నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. కొన్నిసార్లు వారంలోనే, కొన్నిసార్లు ఏడాదికి బయటపడుతుంది. లక్షణాలు కనబడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. అంతకు ముందే సరైన చికిత్స అందితే జబ్బు రాకుండా ఆపవచ్చు. ఈ చికిత్స మొదట అందుకున్నది కూడా ఒక పిల్లవాడే. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తయారుచేసిన టీకాను కుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు ఇచ్చారు. ఆ అబ్బాయి బతికాడు. పాశ్చర్ కన్నుమూసిన సెప్టెంబర్ 28నే ఇప్పుడు ప్రపంచ రేబిస్ దినంగా జరుపుకుంటున్నారు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు అనే భయం ఇంకా మన ఇళ్లలో ఉంది. ఆ పాత టీకా వాడకం మన దేశంలో ఏనాడో ఆగిపోయింది. ఇప్పుడు వ్యాక్సిన్ చేతికే ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వెళ్లాలి. మొదటి డోసు వేసిన రోజే "0" రోజు. కండకు వేసే పద్ధతిలో అయితే 14వ రోజు కూడా ఉంటుంది. రక్తం వచ్చేలా కరిస్తే వ్యాక్సిన్‌తో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా గాయం చుట్టూ ఇవ్వాలి. దాని గురించి డాక్టర్‌ను తప్పకుండా అడగండి. యూనిట్ టెస్ట్ ఉందని ఏ డోసూ వాయిదా వేయకండి. క్లాస్ టీచర్‌కు ముందే ఒక మాట చెప్పండి.

"అది పక్కింటివాళ్ల కుక్కే, బాగానే ఉంది" అని ఆగిపోకండి. కుక్కను పది రోజులు గమనించడం మంచిదే. కానీ గమనిస్తూ కూర్చోకుండా వ్యాక్సిన్ మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఏం చేయాలో డాక్టర్ చెబుతారు.

ఊరు చేయవలసిన పని

కుక్కలకు విషం పెట్టడం నేరం. పైగా దాంతో సమస్య తీరదు. తిండి ఉన్నంత కాలం ఖాళీ అయిన చోటికి కొత్త కుక్కలు వస్తూనే ఉంటాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా వేయించవలసిన బాధ్యత స్థానిక సంస్థలది. మీ దారిలో ఏ చోట కుక్కలు తరుముతున్నాయో రాసి, నలుగురు తల్లిదండ్రులు సంతకాలు పెట్టి పంచాయతీ కార్యదర్శికి గానీ మున్సిపాలిటీకి గానీ ఇవ్వండి. చికెన్ వ్యర్థాలు రోడ్డు పక్కన పడేయవద్దని కొట్టు యజమానికి చెప్పండి. ఇంట్లో కుక్క ఉంటే ఏటా టీకా వేయించండి, రోడ్డు మీదికి వదలకండి.

ఇవాళ రాత్రి ఒక మాట

పైన చెప్పినవన్నీ పని చేయాలంటే సంగతి ముందు మీకు తెలియాలి. పిల్లలు చిన్న గీత కదా అని దాచేస్తారు. రెండు రోజులకు గీత మానిపోతుంది, వాళ్లూ మరిచిపోతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అందుకే ఇవాళ భోజనాల దగ్గర మీ పిల్లలకు ఈ మాట చెప్పండి: "కుక్క కరిచినా, గీరినా, నాకినా నాకు ఆ రోజే చెప్పు. నిన్ను తిట్టను. సైకిల్ తీసుకోను." చెప్పడమే కాదు, ఆ మాట మీద నిలబడండి. రేపు మోకాలు చిరిగిన ప్యాంటుతో వచ్చి "సైకిల్ జారింది" అంటే మందలించకండి. దగ్గర కూర్చోబెట్టుకుని, ప్యాంటు పైకి మడిచి పిక్కలు కూడా ఒకసారి చూడండి.