కొత్త తెప్ప బేరంలో ఇంజనే కీలకం
* అదనపు అశ్వశక్తికి ఏటా వేల రూపాయల మూల్యం
* బిల్లు లేని తగ్గింపుతో రిజిస్ట్రేషన్‌కు చిక్కులు

ఉప్పాడ: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో చేపల వేటపై నిషేధం అమలవుతున్న విషయం విదితమే. వేట లేని ఈ రెండు నెలల్లోనే తీర గ్రామాల్లో పాత తెప్పల మరమ్మతులు, కొత్త తెప్పల బేరాలు జోరుగా సాగడం పరిపాటి. మత్స్యకార కుటుంబానికి ఇల్లు కట్టుకోవడం తరువాత అంతటి పెద్ద ఖర్చు తెప్ప కొనుగోలే. అయినప్పటికీ బేరమంతా తెప్ప ధర చుట్టూ తిరుగుతుందే తప్ప, దానికి ఎంత శక్తి గల ఇంజన్ బిగించాలన్న ప్రశ్నకు దక్కాల్సిన ప్రాధాన్యం దక్కడం లేదు. తెప్ప ధర ఒక్కసారి చెల్లిస్తే తీరిపోతుంది. ఇంజన్ తాగే ఇంధనానికి మాత్రం వేటకు వెళ్లిన ప్రతి రోజూ చెల్లించాల్సిందే.

దుంగలను తాళ్లతో బిగించి కట్టిన కొయ్య తెప్పల స్థానంలో ఫైబర్ తెప్పలు పెద్ద ఎత్తున తీరానికి చేరింది 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాతే. ఆ హడావుడిలో తయారైన పడవల నాణ్యతపై ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణులు అప్పట్లోనే ఆందోళన వ్యక్తం చేశారు. కొయ్య తెప్ప నాణ్యతను పట్టి చూసి చెప్పగలిగిన పెద్దలకు సైతం ఫైబర్ తెప్ప లోపల ఏముందో పైరంగు చూసి తెలుసుకోవడం సాధ్యం కాదు. బేరంలో కొనుగోలుదారుడు వెనుకబడేది ఇక్కడే.

ఎన్ని గుర్రాలు కావాలి?

‘మరో ఐదు గుర్రాలు ఎక్కువ వేయించుకోండి, ముందే ఒడ్డుకు చేరవచ్చు’ అన్నది అమ్మకందారులు తరచూ చెప్పే మాట. ఆ మాటలో సగమే నిజముంది. నీటిని చీల్చుకుంటూ వెళ్లే పడవకు దాని పొడవును బట్టి ఒక సహజ వేగ పరిమితి ఉంటుంది. నీటిని తాకే భాగం పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ పరిమితి నాటికల్ మైళ్లలో వస్తుంది. నీటి వద్ద 25 అడుగులున్న తెప్పకు ఇది గంటకు 6.7 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 12.4 కిలోమీటర్లు. ఆ వేగానికి చేరేసరికి తెప్ప తాను లేపిన అలనే తాను ఎక్కవలసి వస్తుంది. అంతకు మించి పరుగెత్తించాలంటే ఇంజన్ శక్తి అమాంతం పెరగాలి. ఖాళీ తెప్ప తేలికగా ఉండి నీటిపై జారుతూ పోవచ్చు గానీ వల, ఐసు, మనుషులు, పట్టిన సరుకుతో నిండిన తెప్ప అలా పోలేదు.

ఆ పరిమితి లోపల కూడా వేగానికి, శక్తికి మధ్య లెక్క సూటిగా ఉండదు. వేగం పెరిగేకొద్దీ కావలసిన శక్తి దాదాపు దాని ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. అదే 25 అడుగుల తెప్పను గంటకు 5 నాటికల్ మైళ్ల వేగంతో నడిపితే 10 మైళ్ల దూరంలోని వేట స్థలానికి రెండు గంటలు పడుతుంది. 6.7 మైళ్ల వేగంతో వెళితే గంటన్నరలో చేరవచ్చు. మిగిలేది అరగంట. అందుకోసం దాదాపు 2.4 రెట్లు శక్తి కావాలి. అదే దూరానికి ఖర్చయ్యే ఇంధనం సుమారు 1.8 రెట్లవుతుంది. వేలానికి ముందుగా చేరిన చేపకు మంచి ధర పలికే రేవుల్లో ఆ అరగంటకు విలువ ఉండవచ్చు. అన్ని రేవుల్లో, అన్ని రోజుల్లో ఉండదు.

ఈ తరహా పడవలకు టన్ను బరువుకు 3 నుంచి 5 అశ్వశక్తి చాలునన్నది నిపుణులు విరివిగా వాడే లెక్క. బరువంటే కేవలం తెప్ప బరువు కాదు. ఇంజన్, ఇంధనం, వల, ఐసు, సిబ్బంది, తిరుగు ప్రయాణంలో చేపలు.. అన్నీ కలపాలి. మొత్తం 2 టన్నులు వస్తే 6 నుంచి 10 హెచ్‌పీ సరిపోతుంది. తీరంలో 9, 10 హెచ్‌పీ ఇంజన్లు ఎక్కువగా కనిపించడం కాకతాళీయం కాదు. 1980 దశకంలో మద్రాసు కేంద్రంగా పనిచేసిన బంగాళాఖాత కార్యక్రమం ఇసుక తీరాలకు అనువైన పడవలను రూపొందించినప్పుడు కూడా, నీటిలోంచి పైకెత్తగలిగే పంకాతో కూడిన చిన్న డీజిల్ ఇంజన్లనే ఎంచుకుంది.

అలాగని మరీ చిన్న ఇంజన్ ప్రమాదకరం. ఒడ్డున విరిగే అలలను దాటేటప్పుడు, మొగ వద్ద పాటు నీటికి ఎదురు వెళ్లేటప్పుడు, ఎదురుగాలిలో నిండు తెప్పతో తిరిగి వచ్చేటప్పుడు శక్తి చాలకపోతే తెప్ప అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. అందువల్ల నేరుగా ఇసుక తీరం నుంచి వెళ్లేవారు లెక్కలో పై అంచును, లోతైన హార్బరు నుంచి వెళ్లేవారు కింది అంచును తీసుకోవడం సమంజసం. గోదావరి రేవుల్లో రెండు పడవలను జోడించి పైన బల్ల పరిచి నడిపే పంటులకు లెక్క వేరు. అక్కడ చూడవలసింది ప్రవాహ వేగం. గంటకు 10 కిలోమీటర్లు పోగల పంటు, 6 కిలోమీటర్ల వేగంతో వచ్చే నీటికి ఎదురు వెళితే గట్టుకు చేరువయ్యేది గంటకు 4 కిలోమీటర్లే.

ఐదు గుర్రాల ఖరీదు

డీజిల్ ఇంజన్ ఒక అశ్వశక్తికి గంటకు సుమారు పావు లీటరు ఇంధనం తీసుకుంటుంది. పాత తరహా టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్‌కు ఇది రెట్టింపు వరకు ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ ఈ రెండింటికీ మధ్యస్థం. 10 చాలిన చోట 15 హెచ్‌పీ డీజిల్ ఇంజన్ బిగించి, ఆ అదనపు శక్తిని 80 శాతం మేర వాడుకుంటే గంటకు ఒక లీటరు అధికంగా ఖర్చవుతుంది. రోజుకు 4 గంటలు, ఏడాదికి 200 రోజులు అనుకుంటే 800 లీటర్లు. లీటరు 95 రూపాయల చొప్పున లెక్కించినా 76 వేల రూపాయలు. బేరంలో ఎంతో కష్టపడి తగ్గించుకున్న మొత్తం ఏడాది తిరక్కుండానే కరిగిపోతుందన్నమాట.

రాష్ట్ర ప్రభుత్వం 2019లో వేట పడవలకు డీజిల్‌పై రాయితీని లీటరుకు 6.03 రూపాయల నుంచి 9 రూపాయలకు పెంచింది. ఇది డీజిల్‌కు వర్తించే రాయితీ. పెట్రోలుతో నడిచే ఇంజన్ ఎంచుకునేవారు ఈ తేడాను కూడా లెక్కలో చేర్చుకోవాలి. మరోవైపు పెట్రోలు ఇంజన్ తేలిక, ఒడ్డుకు మోసుకుపోవచ్చు, కుదుపు తక్కువ. సమీపంలో ఏ ఇంజన్‌కు మెకానిక్, విడిభాగాలు దొరుకుతాయన్నది అన్నిటికన్నా ముందు చూడాలి. చేపలు పడే రోజుల్లో వారం పాటు ఒడ్డున నిలిచిపోయిన ఇంజన్‌కు ఎన్ని సుగుణాలున్నా ప్రయోజనం లేదు.

ఇంజన్ పలకపై రాసిన అశ్వశక్తి నిరంతరాయంగా ఇవ్వగలిగినదా, కొద్దిసేపు మాత్రమే ఇవ్వగలిగినదా అన్నది అడిగి తెలుసుకోవాలి. రెండు ఇంజన్లపై ఒకే అంకె ఉన్నా అర్థం వేరు కావచ్చు. వెనుక తగిలించే ఇంజన్లలో పొట్టి కాలు 15 అంగుళాల పలకకు, పొడవు కాలు 20 అంగుళాల పలకకు తయారవుతాయి. పలక ఎత్తు కొలవకుండా ఇంజన్ కొంటే పంకా గాలిని కోస్తుంది, లేదా అనవసరంగా లోతుకు దిగి పడవను వెనక్కి లాగుతుంది.

ధర విడగొట్టి అడగాలి

‘మొత్తం కలిపి ఇంత’ అని చెప్పే ధరలో బేరానికి చోటుండదు. తెప్పకు ఎంత, ఇంజన్‌కు ఎంత, పంకా, ఇరుసు, బిగింపు, రవాణాకు ఎంత అని వేర్వేరుగా రాయించుకుంటే కనీసం రెండు మూడు యార్డుల ధరలను పోల్చే వీలుంటుంది. ఇంజన్ ధరను డీలరు వద్ద నేరుగా కనుక్కోవచ్చు గనుక, మిగిలేది తెప్ప ధరే.

తెప్ప ధరకు మూలం అందులో పడిన గాజు నార, రెజిన్, కూలి. సాధారణ నార పరుపు కిలోకు సుమారు రెండు నుంచి రెండున్నర కిలోల రెజిన్ పడుతుంది. ఎన్ని పొరలు, ఏ మందం, ఏ రకం రెజిన్ అన్నది ఒప్పందంలో రాయించుకోవాలి. సముద్రపు నీటికి ఐసోఫ్తాలిక్ రెజిన్ మేలైనది, ధర కూడా ఎక్కువే. ధర తగ్గించమని గట్టిగా పట్టుబడితే తగ్గేది ఒక్కోసారి యజమాని లాభం కాదు, ఒక పొర నార. పూర్తయిన తెప్పను తూకం వేయించి చూడాలన్న షరతు ముందే పెడితే ఈ చేతివాటానికి అవకాశం ఉండదు. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే గాలి బుడగలు, పొడిగా మిగిలిన నార కనిపిస్తాయి. రంగు వేయక ముందే ఈ పరిశీలన జరగాలి. నీరు నిండినా తెప్ప మునగకుండా కాపాడే నురుగు గదులు ఉన్నాయో లేదో నిర్ధారించుకోవాలి.

నిషేధ కాలం చివర్లో యార్డులకు ఊపిరి సలపదు. అప్పుడు బేరం ఆడేది యార్డు యజమానే. జూన్ 15న వేటకు వెళ్లాలనుకునేవారు శీతాకాలంలోనే మాట్లాడుకోవడం, సహకార సంఘం తరఫున ఐదారుగురు కలిసి ఒకేసారి ఆర్డరు ఇవ్వడం లాభసాటి. సొమ్ము మొత్తం ముందే చెల్లించరాదు. కొంత అచ్చు దశలో, కొంత తెప్ప బయటికి తీశాక, చివరి వాయిదా సముద్రంలో నడిపి చూశాక అన్నది న్యాయమైన పద్ధతి.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారుల పడవ, వలల మార్పిడికి యూనిట్ వ్యయాన్ని 5 లక్షల రూపాయలుగా పేర్కొన్నారు. రాయితీ సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం. ఇటువంటి పథకాల్లో యూనిట్ వ్యయం రాయితీకి గరిష్ఠ పరిమితి మాత్రమే. అది తెప్ప ధర కాదు. అంతకు తక్కువకు దొరికే తెప్పకు, రాయితీ వస్తుంది కదా అని పూర్తి మొత్తం చెల్లిస్తే నష్టం మత్స్యకారుడి వాటాకే.

మిగిలిన సొమ్ము ఎక్కడిదన్నది బేరంలో భాగమే. షావుకారు ఇచ్చే పెట్టుబడికి వడ్డీ లేదన్న మాట వినసొంపుగా ఉంటుంది. బదులుగా చేపలు ఆయనకే వేయాలి. కిలోకు 5 రూపాయలు తక్కువకు, రోజుకు 50 కిలోల చొప్పున 200 రోజులు వేస్తే ఏడాదికి 50 వేల రూపాయలు పోయినట్లే. 2 లక్షల పెట్టుబడిపై అది 25 శాతం వడ్డీ. పైగా అసలు తగ్గదు.

నడిపి చూశాకే చివరి వాయిదా

పరీక్ష ఖాళీ తెప్పతో చేస్తే ఫలితం దక్కదు. వేటకు వెళ్లేటంత బరువు వేసి, ఇంజన్‌ను పూర్తి వేగంతో నడిపి, అది కంపెనీ సూచించిన చుట్లను అందుకుంటున్నదో లేదో చూడాలి. అందుకోలేక నల్లని పొగ చిమ్ముతుంటే పంకా ఇంజన్ శక్తికి మించినదని అర్థం. చుట్లు మితిమీరి తిరుగుతుంటే పంకా చాలదు. రెండు సందర్భాల్లోనూ మార్చవలసింది పంకానే. అనేకమంది ఇంజన్ బలహీనమని భావించి పెద్ద ఇంజన్‌కు మారుతుంటారు. పంకాను ఉచితంగా మార్చి ఇచ్చే షరతు ముందే రాయించుకుంటే ఖర్చు తప్పుతుంది.

బిల్లు లేకుండా కొంటే కొంత తగ్గిస్తామన్న ప్రలోభానికి లోనైతే ఇంజన్‌కు వారంటీ ఉండదు. చేపల వేట పడవపై జీఎస్టీ 5 శాతమే కనుక మిగిలేది కూడా స్వల్పం. మత్స్యశాఖ వద్ద రిజిస్ట్రేషన్‌కు, బీమాకు, డీజిల్ రాయితీకి ఆధారం ఆ కాగితాలే. ఇంజన్ నంబరు బిల్లుపైన, ఇంజన్‌పైన ఒకేలా ఉన్నదో లేదో తెప్ప యార్డు దాటక ముందే సరిచూసుకోవాలి. మర పడవలకు ఇస్రో పరిజ్ఞానంతో రూపొందిన సమాచార పరికరాలను ఉచితంగా అమర్చే కార్యక్రమం 2024 ఆగస్టులో దేశవ్యాప్తంగా మొదలైంది. వాటి యాంటెన్నాకు, బ్యాటరీకి తడి తగలని చోటును తెప్ప అచ్చు దశలోనే చేయించుకుంటే, తరువాత ఫైబర్‌కు రంధ్రాలు వేయవలసిన అవసరం రాదు.