తన చిల్లు తానే పూడ్చుకునే ట్యూబు

రావులపాలెం అరటి మార్కెట్టుకు పొద్దున్నే బయల్దేరే సైకిలుకు రెండు పక్కలా గెలలు వేలాడుతుంటాయి. తొక్కడానికి చోటుండదు, మనిషి హ్యాండిలు పట్టుకుని పక్కన నడుస్తాడు. గట్టు దిగి రోడ్డెక్కేలోపు ఒక్క ఈతముల్లు దిగిందంటే గెలలన్నీ దించాలి, పంచరు షాపు వెతుక్కోవాలి.

ఈ బెడద గాలి టైరుతో పాటే పుట్టింది. రాబర్ట్ థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు గానీ అది గుర్రబ్బగ్గీల కాలం, ఆ టైరు నిలదొక్కుకోలేదు. 1887లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు, కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో కుదపకుండా రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. మరుసటి ఏడాది పేటెంటు పొందాడు. అంతకుముందున్న గట్టి రబ్బరు టైరు ఒళ్లు హూనం చేసేది, కానీ ముల్లుకు జడిసేది కాదు. మెత్తటి ప్రయాణంతో పాటు పంచరూ వచ్చిపడింది. పందొమ్మిదో శతాబ్దం ముగియకముందే అమెరికాలో ‘నెవర్‌లీక్’ అనే ద్రవాన్ని ట్యూబులో పోసుకోమని అమ్మారు. నేటి పంచరు జెల్లుకు అది తాతలాంటిది.

జెల్లులో ఉండేది ఎండిపోకుండా కాపాడే గ్లైకాల్ ద్రవం, అందులో తేలే సన్నటి పీచు, రబ్బరు నలుసులు. ఇంకో రకంలో రబ్బరుపాలు ఉంటాయి. వాటిని గడ్డకట్టనివ్వకుండా అమ్మోనియా కలుపుతారు. కాలవ తూము దగ్గర గుర్రపుడెక్క ఎలా అడ్డం పడుతుందో చూడండి. దాన్ని అక్కడికి మోసుకొచ్చేది ఆ నీళ్లే. ట్యూబులోనూ అంతే. బయటికి దూకే గాలే పీచును చిల్లు దాకా ఈడ్చుకొచ్చి ఇరికిస్తుంది. నలుసులు సందులు పూడుస్తాయి. రబ్బరుపాలైతే చిల్లులోంచి బయటికి వచ్చే చోట గడ్డకడతాయి.

చక్రం తిరగడమూ ఇందులో భాగమే. 28 అంగుళాల చక్రం గంటకు సుమారు 7 కిలోమీటర్లు దాటితే, విసురు బలం భూమ్యాకర్షణను మించి ద్రవాన్ని ట్యూబు బయటి గోడకంతా పరుస్తుంది. 15 కిలోమీటర్ల దగ్గర అది దాదాపు ఐదు రెట్లు. నడిపించుకెళ్లే సైకిల్లో ఆ వేగం రాదు, ద్రవం అడుగునే ఉంటుంది. అందుకే ముల్లు పీకాక ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి, కాసేపు ఆగాలి.

మన మామూలు సైకిలుకు జెల్లు పోయడం తేలిక. వాల్వు విప్పి, ట్యూబుకు సుమారు 100 మిల్లీలీటర్లు పోసి, బిగించి గాలి కొడితే చాలు. గాలి కొట్టేటప్పుడు వాల్వు పైన ఉంచాలి, లేకపోతే జిగురు వాల్వు ట్యూబులో చేరి మూసేస్తుంది. రబ్బరుపాల రకం కొన్ని నెలల్లోనే ఎండిపోతుంది, మళ్లీ పోసుకోవాలి.

ముల్లు, మేకు చేసే సన్నటి చిల్లు దీనికి లొంగుతుంది. చీలిక లొంగదు. గాలి తక్కువున్న ట్యూబు మీద గెలల బరువు పడి, రాయికీ రిమ్ముకూ మధ్య నలిగితే పాము కాటులా పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. ద్రవం పరుచుకునేది రోడ్డు వైపు గోడ మీద, గాట్లలో ఒకటి రిమ్ము వైపు. అప్పుడిక పంచరు షాపే గతి. అక్కడ ట్యూబు తడి తుడిచి, ఆరబెట్టి, గరుకు చేస్తే గానీ సొల్యూషన్ పట్టదు.

అందుకే జెల్లు పోసిన సైకిలైనా, గెలలు ఎక్కించే ముందు టైరును బొటనవేలితో ఒకసారి నొక్కి చూడాలి.