తండ్రి పంపే చీటీ

బిడ్డ నలతగా పుడితే మన పేటల్లో అందరూ తల్లినే నిలదీస్తారు. ఏం తిన్నావు, ఎంత బరువెత్తావు అని అడుగుతారు. తండ్రిని అడిగేవారు అరుదు. వంశాన్ని అందించడంతో అతని పని తీరిందని మనవారి నమ్మకం. శాస్త్రజ్ఞులు సైతం చాలాకాలం ఇంచుమించు అలాగే భావించారు.

వీర్యకణం మోసుకుపోయేది డి.ఎన్.ఎ. ఒక్కటే అని వారి లెక్క. డి.ఎన్.ఎ. మన జకార్డు మగ్గానికి పెట్టే చిల్లుల అట్టల వంటిది. చద్దరు మీద నెమలి పడాలో, పువ్వు పడాలో ఆ అట్టల్లోనే ఉంటుంది గదా! అయితే అట్టలతోపాటు "ఈ వరుస ముందు నడుపు, ఆ వరుస ఆపు" అని ఒక చీటీ కూడా వస్తే? వీర్యకణంలోని ఆర్.ఎన్.ఎ. అటువంటి చీటీ.

హైదరాబాదులో 1977లో సి.సి.ఎం.బి. పరిశోధనాలయాన్ని స్థాపించిన డాక్టరు పుష్పమిత్ర భార్గవ, అంతకు చాలా ముందే ఆంబోతు వీర్యకణాల్లోని న్యూక్లిక్ ఆమ్లాలను పరిశీలించి, సహచరులతో కలిసి 1959లో ప్రకటించారు. మానవ వీర్యకణంలోని ఆర్.ఎన్.ఎ. అండంలోకి చేరుతుందని 2004లో అమెరికాలో స్టీఫెన్ క్రావెట్జ్ బృందం చూపింది.

2016లో చైనా శాస్త్రజ్ఞులు కొవ్వు మేత మేపిన మగ చిట్టెలుకల వీర్యకణాల నుంచి చిన్న ఆర్.ఎన్.ఎ. ముక్కలు తీసి, ఫలదీకరణ జరిగిన మామూలు అండాల్లోకి ఎక్కించారు. పుట్టిన పిల్లలకు రక్తంలో చక్కెరను అదుపు చేసుకొనే శక్తి తగ్గింది. అట్టలు మారలేదు, చీటీ మారింది!

ఈ చీటీ ఎక్కడ చేరుతుంది? వృషణాన్ని అంటుకొని చుట్టలుగా ఒక సన్నని నాళం ఉంటుంది. విప్పితే సుమారు ఒక చీర పొడవు. వీర్యకణాలు దానిలో ప్రయాణిస్తూ పక్వమయ్యేటప్పుడు, నాళపు గోడలు విడిచే సూక్ష్మమైన తిత్తుల ద్వారా ఈ ఆర్.ఎన్.ఎ. కొంత వాటికి అందుతుంది. అదే ఏడాది అమెరికాలో ఆలివర్ రాండో బృందం చిట్టెలుకల్లో ఈ సంగతి తెలియజేసింది.

ఇవి చిట్టెలుకల మీది ఫలితాలు. మనుషుల్లో ఎంతవరకు వర్తిస్తాయో ఇంకా తేలవలసి ఉంది. కాబట్టి తల్లిమీది నింద తీసి తండ్రిమీద వేయడం కూడా తగదు. అయినా పొగాకు, మద్యం వీర్యకణాలకు చేటు చేస్తాయన్నది తెలిసిన సంగతే. వీర్యకణం తయారై బయటపడడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది. బిడ్డను కోరుకొనే మగవారు ఆ మూడు నెలల ముందునుంచే బీడీ, సారా మానడం, వేళకు తినడం మంచిది. గర్భిణికి పథ్యం చెప్పే పెద్దలు ఈ మాట కొడుకులకూ చెప్పాలని మనవి.