రెక్కల తలుపుల కారు ఎక్కడం ఎలా?

కారు ఎక్కడం కూడా ఒక విద్యేనా అని మీరు నవ్వవచ్చు. తలుపు తీస్తాం, ఒక కాలు లోపల పెడతాం, కూర్చుంటాం, తలుపు వేసుకుంటాం. అంతే కదా! కాని ఇప్పుడు మనం చెప్పుకోబోయే కారు దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. దాని తలుపు పక్కకు తెరుచుకోదు. పక్షి రెక్క ఎత్తినట్టు పైకి లేస్తుంది. లేచాక చూస్తే, గడప ఉండవలసిన చోట ఒక అరుగు కనిపిస్తుంది. ముందు ఆ అరుగు మీద కూర్చోవాలి. స్టీరింగు చక్రాన్ని కిందికి వంచాలి. తల వంచుకుని, కాళ్ళు రెండూ ఎత్తి లోపలికి తిప్పి, అరుగు మీదనుంచి సీటులోకి జారాలి. చక్రాన్ని మళ్ళీ పైకెత్తి బిగించాలి. చివరికి చెయ్యి పైకి చాచి తలుపును కిందికి లాక్కోవాలి. చీర కట్టుకున్నవారి అవస్థ చెప్పనక్కరలేదు!

ఈ కారు పేరు మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. కూపే. జర్మనీలో తయారైంది. 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రదర్శనలో దీన్ని మొదటిసారి జనానికి చూపించారు. గంటకు 235 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు. ఆ రోజుల్లో మామూలు రోడ్డు మీద తిరిగే కార్లలో అది ఆశ్చర్యపోవలసిన వేగం. తలుపులు రెండూ తెరిచి ఉంటే ఎగరబోయే సముద్రపక్షిలా ఉంటుందని అమెరికా వాళ్ళు దీనికి ‘గల్ వింగ్’ అని పేరు పెట్టారు. ఫ్రెంచివారికి మాత్రం ఇది సీతాకోకచిలుకలా కనిపించింది.

ఇంత గొప్ప కారును తయారుచేసినవారు, మనిషి సుఖంగా ఎక్కి కూర్చునే తలుపు ఒకటి పెట్టలేకపోయారా? సరదాకోసం ఇలా చేశారా? కాదు. అసలు రహస్యం తలుపులో లేదు, అరుగులో ఉంది.

అంతకుముందు ‘కూపే’ మాట సంగతి చూద్దాం. మన రైళ్ళలో మొదటి తరగతి పెట్టెలో ఇద్దరు మాత్రమే పడుకునే చిన్న గదిని కూపే అంటారని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఇది ఫ్రెంచి మాట. ‘కత్తిరించినది’ అని అర్థం. పూర్వం పెద్ద గుర్రపు బండిలో ఒక వరస సీట్లు తీసేసి పొట్టిగా చేసిన బండికి ఈ పేరు వచ్చింది. తర్వాత కార్లకు పాకింది. రెండు తలుపులు, పొట్టి కప్పు, వేగంగా పోయే వాలకం ఉన్న కారు కూపే అన్నమాట. మన రోడ్ల మీద ఎన్నో ఏళ్ళు తిరిగిన అంబాసిడరులో (దాని తయారీ 2014లో ఆగింది) ఇంటిల్లిపాదీ సర్దుకుని కూర్చునేవారు. మన 300 ఎస్.ఎల్.లో ఇద్దరికే చోటు.

ఈ కారు ముందు రోడ్డు కోసం పుట్టలేదు, పందెం కోసం పుట్టింది. 1952లో బెంజ్ సంస్థ మళ్ళీ పందేలలోకి దిగాలనుకుంది. చేతిలో ఉన్న ఇంజను తమ పెద్ద ప్రయాణపు కారులోని 3 లీటర్ల ఇంజనే. అది బరువైనది. పోటీవారి ఇంజన్లకు ఉన్నంత బలం దానికి లేదు. మరి గెలవడం ఎలా? ఇంజనును పెంచలేకపోతే మిగిలిన కారును తేలిక చెయ్యాలి. గాలి నిరోధం తగ్గించాలి. రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ అనే ఇంజనీరు ఇందుకోసం సన్నని ఉక్కు గొట్టాలతో ఒక చట్రం తయారుచేశాడు. పందెం కారులో దాని బరువు సుమారు 50 కిలోలే. అంటే మీలో ఒకరి బరువు! తర్వాత రోడ్డు మీదికి వచ్చిన కారులో అది సుమారు 80 కిలోలైంది.

సన్నని గొట్టాలు అంత బలాన్ని ఎలా ఓర్చుకున్నాయి? ఒక ప్రయోగం చేసి చూడండి. దళసరి అట్టనుంచి సమానమైన నాలుగు పట్టీలు కత్తిరించండి. మూలల్లో గుండుసూదులు గుచ్చి చతురస్రంగా అమర్చండి. ఒక మూలను నొక్కితే అది వాలిపోయి వంకర అవుతుంది. ఇప్పుడు మూడు పట్టీలతో త్రిభుజం చెయ్యండి. ఎంత నొక్కినా దాని ఆకారం మారదు. చతురస్రానికే మూలనుంచి మూలకు ఇంకొక పట్టీ గుచ్చితే అదీ నిలబడుతుంది. ఎందుకంటే ఇప్పుడది రెండు త్రిభుజాలు!

ఇంకొక సంగతి. పెన్సిలును రెండు చేతులతో పట్టి వంచితే పుటుక్కున విరుగుతుంది. అదే రెండు కొసలూ పట్టి లాగండి, విరగదు. త్రిభుజాలతో అల్లిన చట్రంలో ప్రతి గొట్టం మీదా దాదాపు లాగుడో, నొక్కుడో మాత్రమే పడుతుంది. వంపు చాలా తక్కువ. అందుకే సన్నని గొట్టమైనా చాలు. రైలు వంతెనల మీద మీరు చూసే ఇనుప త్రిభుజాల కిటుకూ ఇదే.

ఇక అరుగు దగ్గరికి వద్దాం. మీ స్కేలును బల్లపరుపుగా పట్టి వంచండి, సులభంగా వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వంచండి, వంగనే వంగదు. బరువు అంతే, కొలత అంతే, కాని ఎత్తు పెరిగితే వంగకుండా నిలిచే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. కారు ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ కుంగిపోకుండా, మెలితిరగకుండా ఉండాలంటే చట్రం పక్కలు ఎత్తుగా ఉండాలి. సరిగ్గా ఎక్కడ? కారు మధ్యలో. అంటే తలుపు ఉండవలసిన చోట! అక్కడ గొట్టాలు కోసి మామూలు తలుపు పెడితే చట్రం బలమంతా పోతుంది. అందుకని గొట్టాలను అలాగే ఉంచి, తలుపును వాటి పైనుంచి మొదలుపెట్టారు. పక్కన కీలు పెట్టడానికి చాలినంత ఎత్తు మిగలలేదు కనుక కీళ్ళను కప్పు మీద బిగించారు. మొదటి పందెం కార్లలో తలుపు కిటికీ అంతే ఉండేది. మనుషులు దాదాపు పై నుంచి దూరవలసి వచ్చేది. 1952 జూన్‌లో ఫ్రాన్సులో జరిగిన లె మాన్ 24 గంటల పందేనికి వచ్చేసరికి తలుపును కొంచెం కిందికి పొడిగించారు. ఆ పందెం ఈ కారే గెలిచింది.

అదే ఏడు మెక్సికోలో జరిగిన పందెంలో ఒక రాబందు ఎగిరివచ్చి ముందు అద్దాన్ని పగలగొట్టింది. డ్రైవరు కార్ల్ క్లింగ్ పక్కన కూర్చున్న హాన్స్ క్లెంక్‌కు గాయాలయ్యాయి. వాళ్ళు అద్దం మార్చి, దాని ముందు ఇనుప కడ్డీలు బిగించుకుని మరీ పరుగెత్తి పందెం గెలిచారు!

ఆ విజయాలు చూసి, న్యూయార్కులో కార్లు దిగుమతి చేసుకునే మాక్స్ హాఫ్‌మన్ అనే వ్యాపారి, ఇలాంటిది రోడ్డు మీద నడిపేందుకు చేసిపెట్టండని సంస్థను కోరాడు. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. పందెంలో డ్రైవరు అవస్థ పడినా ఓర్చుకుంటాడు. డబ్బిచ్చి కొన్నవాడు ఓర్చుకుంటాడా? కొన్నవాడికి సుఖం కావాలి. చట్రాన్ని మాత్రం కదపడానికి లేదు. లోపల కనిపించే ప్రతి వింత ఏర్పాటూ ఈ లాగులాటలోనుంచి పుట్టిందే. స్టీరింగు చక్రం మధ్యలో కీలు ఎందుకు? కాళ్ళు దూర్చడానికి. తలుపులను అల్యూమినియంతో ఎందుకు చేశారు? పైకెత్తేటప్పుడు చేతికి భారం కాకూడదని. ఎత్తిన తలుపు నెత్తిన పడకుండా స్ప్రింగులు మోస్తూ ఉంటాయి.

కిటికీల సంగతి మరీ వింత. మామూలు కారులో పిడి తిప్పితే అద్దం తలుపులోకి దిగిపోతుంది. ఈ కారు తలుపులో అద్దం దిగడానికి చోటేదీ? కింద అంతా అరుగే. అందుచేత అద్దం కిందికి దిగదు. గాలి కావాలంటే దాన్ని ఊడదీసి సీటు వెనక దాచుకోవాలి. లేదా ముందున్న చిన్న మూడుకోణాల అద్దాన్ని తిప్పుకోవాలి.

ఇప్పుడు ఎండలో ఆ కారు లోపల కూర్చున్నట్టు ఊహించుకోండి. సూర్యకాంతి అద్దాలలోంచి లోపలికి వచ్చి సీట్లను, నేలను వేడి చేస్తుంది. అవి తమ చుట్టూ ఉన్న గాలిని వేడిచేస్తాయి. ఆరుబయటైతే వేడెక్కిన గాలి పైకి పోయి చల్లగాలి వస్తుంది. మూసిన కారులో అదే గాలి అక్కడే చిక్కుకుంటుంది. ముందు ఇంజను వేడి ఉండనే ఉంది. ఇవి చాలవన్నట్టు మనుషులే చిన్న పొయ్యిలు! ఊరికే కూర్చున్న మనిషి శరీరం ప్రతి క్షణం ఇంచుమించు 100 వాట్ల బల్బు ఇచ్చినంత వేడి ఇస్తుంది. ఇద్దరు కూర్చుంటే రెండు బల్బులు వెలిగించిపెట్టినట్టు. ఆ వేడి పోవాలంటే చెమట ఆరాలి. చెమట ఆరాలంటే గాలి కదలాలి. కదలని గాలిలో ఎంత మెత్తని సీటయినా సుఖమివ్వదు.

దీనికి ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. కప్పు వెనుక అంచున, వెనుక అద్దానికి పైన, గాలి బయటికి పోయే సందులు పెట్టారు. వంపు తిరిగిన కప్పు మీదుగా గాలి వేగంగా పారేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. లోపలి వేడిగాలి ఆ సందుల్లోంచి బయటికి లాగబడుతుంది. దాని బదులు ముందునుంచి కొత్త గాలి వస్తుంది. కాగితం ముక్కను పెదవి కింద పట్టుకుని దాని మీదుగా ఊదితే కాగితం పైకి లేవడం మీరు చూసే ఉంటారు. పారే గాలి తనవైపు లాగుతుందని చూపడానికి అది చాలు. కాని ఒక లోపం ఉంది. కారు ఆగితే గాలి పారదు. ఎర్ర దీపం దగ్గర నిలబడ్డారో, లోపల ఉడికిపోవలసిందే! ఈ కారులో ఎయిర్ కండిషనింగ్ లేదు. అమెరికాలో 1940 నాటి ప్యాకార్డు కార్లలోనే ఆ సదుపాయం దొరికేది గాని, దాని సరంజామా చాలా బరువు. బరువు తగ్గించడానికే పుట్టిన కారులో దానికి చోటెక్కడ?

సీట్లు చూడండి. మామూలుగా వాటికి గళ్ళ గుడ్డ తొడిగేవారు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ గళ్ళు. ఎక్కువ డబ్బిస్తే తోలు వేసేవారు. ఖరీదైనది కనుక తోలే మేలనుకుంటాం. నన్నడిగితే గుడ్డే మేలు. గుడ్డలోంచి గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది. పైగా నున్నని తోలు మీద జారినట్టు గుడ్డ మీద జారం. జారకపోవడం చిన్న విషయం కాదు. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో, 80 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరిగారనుకోండి. వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించండి. 400ను 80తో భాగిస్తే 5. భూమి ఆకర్షణ త్వరణం సుమారు 10 కదా, ఇది అందులో సగం. అంటే 60 కిలోల మనిషిని సీటు సుమారు 30 కిలోల బరువంత బలంతో పక్కనుంచి నెట్టి పట్టుకోవాలి. లేకపోతే జడత్వం వల్ల అతను నేరుగా పోయి తలుపుకు కొట్టుకుంటాడు. అందుకే ఇలాంటి కార్లలో సీటు పరుపులా చదునుగా ఉండదు. వీపును కొంచెం చుట్టుకుంటుంది.

డ్రైవరు ఎదురుగా రెండు పెద్ద గుండ్రని ముఖాలు: ఒకటి వేగం, ఇంకొకటి నిమిషానికి ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది. నూనె, నీరు, పెట్రోలు కబుర్లు చెప్పేవి చిన్నవి. సామాను పెట్టుకుందామని వెనుక డిక్కీ తెరిస్తే నిరాశే. 130 లీటర్ల పెట్రోలు ట్యాంకు, అదనపు చక్రం కలిసి ఆ చోటంతా తినేస్తాయి. కనుక సీట్ల వెనక ఖాళీకి సరిగ్గా పట్టేట్టు కొలిచి కుట్టిన తోలు పెట్టెలు అమ్మేవారు.

మీకు ఇప్పటికే ఒక సందేహం వచ్చి ఉండాలి. కారు బోర్లా పడితే ఎలా? కప్పు నేలకు ఆనుకుంటే పైకి లేచే తలుపులు తెరుచుకోవు. ఇది నిజమైన లోపమే. ఏ సీటూ, ఏ గళ్ళ గుడ్డా దీన్ని కప్పిపుచ్చలేవు.

1957 వరకు ఈ కూపేలు 1,400 తయారయ్యాయి. ఆ ఏడే చట్రాన్ని మార్చారు. పక్క గొట్టాలను కిందికి దించి, పోయిన బలాన్ని వేరే చోట్ల పూడ్చారు. కారు బరువు కొంత పెరిగింది. కాని మామూలుగా పక్కకు తెరుచుకునే తలుపులు వచ్చాయి. పిడి తిప్పితే దిగే అద్దాలు వచ్చాయి. ట్యాంకు చిన్నదై డిక్కీలో సామానుకు చోటు దొరికింది. కప్పు తీసివేయగల ఈ రోడ్‌స్టర్ కార్లను 1963 వరకు 1,858 తయారుచేశారు.

అయితే రెక్కల తలుపుల మోజు పోలేదు. అదే సంస్థ 2009లో ఎస్.ఎల్.ఎస్. అనే కూపేను చూపించింది. దాని చట్రం అల్యూమినియంది. అందులో తలుపు పైకి లేవవలసిన అవసరం లేకపోయినా పాత కారు గుర్తుగా అలాగే ఉంచారు. అద్దాలు దిగుతాయి, చల్లగాలి వస్తుంది. ఆ బోర్లా పడే సందేహానికి కూడా 55 ఏళ్ళ తర్వాత జవాబు దొరికింది. తలుపు కీళ్ళ దగ్గర చిన్న పేలుడు మందు అమర్చారు. కారు తలకిందులైతే అది పేలి, తలుపులు కీళ్ళనుంచి విడిపోతాయి. లోపలివారు వాటిని నెట్టుకుని బయటికి రావచ్చు.