సొంత బిజినెస్ వెబ్‌సైట్ నడపాలంటే కోడింగ్ ఎంత వస్తే చాలు?

"బీటెక్ చేశావు, సాఫ్ట్‌వేర్ జాబ్ అంటావు. కారం ధర ఒక్కటి మార్చలేవేంట్రా?"

పోయినేడాది సంక్రాంతికి పెదకాకాని వెళ్తే మా బాబాయి అడిగిన ప్రశ్న ఇది. ఆయనది మిర్చి కారం, పచ్చళ్ల వ్యాపారం. గుంటూరు మిర్చి యార్డులో రేటు కదిలితే కిలో కారం ధర కూడా కదలాలి. కానీ వెబ్‌సైట్‌లో మాత్రం మూడు నెలల కిందటి ధరే ఉంది. అది చూసి ఫోన్ చేసినవాళ్లు, కొత్త ధర చెప్పగానే విసుక్కుని పెట్టేస్తున్నారు.

సరే ఐదు నిమిషాల పనేగా అని ల్యాప్‌టాప్ తెరిచా. లాగిన్ అడిగితే బాబాయి దగ్గర లేదు. సైట్ చేసిన కుర్రాడి దగ్గరే ఉందట, అతని ఫోనేమో స్విచాఫ్. పాత బిల్లులు తిరగేస్తే డొమైన్ కొన్నది కూడా అతని అకౌంట్‌లోనే అని తేలింది. రెన్యువల్ మెయిల్స్ అన్నీ అతనికే పోయాయి. మార్చిలో గడువు దాటింది, సైట్ ఆగిపోయింది. కారం ప్యాకెట్ల మీద అచ్చేయించిన అడ్రస్ మాత్రం మిగిలింది. కొత్త పేరు కొన్నాక, మిగిలిన కవర్లన్నిటి మీదా పిన్ని కూర్చుని స్టిక్కర్లు అంటించింది.

కొత్త సైట్ నేను చేసిస్తానంటే బాబాయి ఒప్పుకోలేదు. "రేపు నువ్వు ఫోన్ ఎత్తకపోతే? నాకే నేర్పు" అన్నాడు. అలా ఆదివారం సాయంత్రాలు వీడియో కాల్‌లో మా క్లాసులు మొదలయ్యాయి.

ముందు తాళాలు మీ దగ్గర ఉండాలి

డొమైన్ అంటే సైట్ పేరు, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉండే చోటు. ఈ రెండూ మీ పేరు, మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబర్‌తోనే కొనండి. ఆటో రెన్యువల్, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. సైట్ ఎవరితోనైనా చేయించుకోండి, కానీ వాళ్లకు వేరే యూజర్ అకౌంట్ ఇవ్వండి. పని అయ్యాక దాన్ని తీసేయండి. ఇందులో ఒక్క లైన్ కోడ్ కూడా లేదు. మేం నష్టపోయింది మాత్రం ఇక్కడే.

హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ ఎంతవరకు?

1991లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ పెట్టిన మొదటి వెబ్‌సైట్ ఒట్టి హెచ్‌టీఎంఎల్ పేజీలే. హెడ్డింగ్, పేరా, లింక్, ఫొటో, టేబుల్, ఈ ఐదు ట్యాగులు వస్తే ధరల పేజీ తయారైపోతుంది. సీఎస్ఎస్‌లో రంగు, అక్షరాల సైజు, ఖాళీలు వస్తే మొదట్లో చాలు.

నేర్చుకోవడానికి ఉన్నంతలో మంచి స్కూల్ మీ బ్రౌజరే. కంప్యూటర్‌లో పేజీ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. బాబాయి అందులో ధర మార్చేసి "అయిపోయిందిరా!" అని సంబరపడ్డాడు. రిఫ్రెష్ కొడితే పాత ధరే వచ్చింది. బ్రౌజర్‌లో మార్చింది మన స్క్రీన్ వరకే, సర్వర్‌లో ఉన్న ఫైల్ మారితేనే అందరికీ మారుతుంది. ఈ తేడా ఆయనకు ఆ రోజే అర్థమైంది, నేను గంట చెప్పినా ఎక్కేది కాదేమో.

ప్రాక్టీస్‌కు గిట్‌హబ్ పేజెస్ ఉచితం. అయితే ఆన్‌లైన్ షాపు నడపడానికి దాని రూల్స్ ఒప్పుకోవు. అసలు సైట్‌కు వేరే హోస్టింగ్ తీసుకోండి.

కస్టమర్ చూసేది ఫోన్‌లో

వ్యూపోర్ట్ అనే ఒక్క మెటా ట్యాగ్ లేకపోతే ఫోన్‌లో పేజీ చీమంత అక్షరాలతో కనిపిస్తుంది. మన ఫోన్ కెమెరా ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది. దాన్ని వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి 200 కేబీ లోపుకు తెండి. ఫోన్ నంబర్‌ను లింక్‌గా పెడితే నొక్కగానే కాల్ వెళ్తుంది. తెలుగు అక్షరాలు గజిబిజిగా కనిపించకుండా ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఫ్రీగా దొరుకుతాయి.

వర్డ్‌ప్రెస్ ఉండగా కోడ్ ఎందుకు?

మంచి ప్రశ్నే. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ మీద ఇవాళ ప్రపంచంలోని 40 శాతానికి పైగా వెబ్‌సైట్లు నడుస్తున్నాయి. బాబాయి కొత్త సైట్ కూడా అదే. అయినా బేసిక్స్ తెలిస్తే థీమ్ చెడినప్పుడు భయం ఉండదు, చిన్న మార్పుకు వేలల్లో బిల్లు వేస్తే అడగగలరు. ప్లగిన్లు తక్కువ పెట్టండి, అప్‌డేట్లు ఆపకండి, బ్యాకప్ కాపీ మీ దగ్గర కూడా ఉంచుకోండి.

ఒక్క పని మాత్రం సొంతంగా చేయొద్దు, అది పేమెంట్స్. కార్డు వివరాలు మీ సైట్‌లో దాచకండి. ఆ పని పేమెంట్ గేట్‌వేకు వదిలేయండి.

మొన్న ఆఫీసులో ఉండగా బాబాయి నుంచి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వచ్చింది. కిలో కారం కొత్త ధర, కింద ఆ రోజు తేదీ. "నువ్వు మీటింగ్‌లో ఉంటావని నేనే మార్చేశా" అని రాశాడు.

మీ ఇంట్లో కూడా షాపుకు సైట్ ఉంటే, ఇవాళే ఒక్క విషయం అడగండి: డొమైన్ ఎవరి పేరున ఉంది?