పద్దెనిమిది ఓటములు, పద్దెనిమిది గెలుపులు

కాలేజీ జట్టు వరసగా ఓడుతుంటే అమెరికాలో ముందుగా వేటు పడేది కోచ్ మీదే. జవాబుదారీతనం అంటే అదేనన్న నమ్మకం అక్కడ బలంగా ఉంది. మహిళల బాస్కెట్‌బాల్‌లో రెండు విశ్వవిద్యాలయాల అనుభవం మాత్రం వేరే మాట చెబుతోంది. 2008లో సౌత్ కరొలైనా తన జట్టును డాన్ స్టేలీకి అప్పగించింది. ఆటగత్తెగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినా, కోచ్‌గా అక్కడ ఆమె తొలి సీజన్‌లో దక్కినవి 10 గెలుపులు, 18 ఓటములు. మరుసటి ఏడాదీ ఓటములదే పైచేయి. విశ్వవిద్యాలయం తొందరపడలేదు. 2012లో ఆ జట్టు జాతీయ టోర్నీలో చివరి 16లో నిలిచింది. 2017, 2022, 2024లలో విజేత అయింది. 2023-24 సీజన్‌లో ఆడిన 38 ఆటలూ గెలిచింది.

టెక్సస్ టెక్‌ది దీనికి తలకిందుల కథ. 2017-18లో 7 గెలుపులతో చతికిలబడిన జట్టు, మార్లీన్ స్టాలింగ్స్ కోచ్‌గా వచ్చాక 14కి, మరుసటి సీజన్‌లో 18కి ఎదిగింది. ఆ రెండేళ్లలోనే 21 మందిలో 12 మంది జట్టు విడిచిపోయారు. గుండె వేగం గరిష్ఠంలో 90 శాతానికి తగ్గకూడదన్న ఒత్తిడి, అవమానాలు, భయం గురించి క్రీడాకారిణులు చెప్పిన మాటలను 2020 ఆగస్టులో యూఎస్ఏ టుడే ప్రచురించింది. స్టాలింగ్స్ ఆరోపణలను ఖండించారు. అయినా మర్నాడే ఆమెను తొలగించారు. 12 మంది లేకపోవడం పత్రిక చెబితేగానీ తెలియనిదా? జట్టు జాబితా చూస్తే చాలు. ఆ జాబితా చూడాల్సింది కోచ్‌ను నియమించిన యాజమాన్యమే. కాబట్టి జవాబు చెప్పాల్సినవారిలో కోచ్ ఒక్కరే లేరు.

పోటీ క్రీడలో గెలుపే కొలమానం కాదా అని కొందరు అడగొచ్చు. గెలుపు ముఖ్యమే, అయితే అది ఆలస్యంగా అందే ఫలితం. జట్టు లోపల ఏం జరుగుతోందో అంతకన్నా ముందే తెలుసుకునే దారి ఉండాలి. కఠినంగా ఉండనిదే విజేతలు తయారుకారన్న వాదనకు టెనెసీ కోచ్ పాట్ సమిట్ జీవితమే సమాధానం. ఆమె కాఠిన్యానికి పెట్టింది పేరు. 1,098 గెలుపులు, 8 జాతీయ టైటిళ్లు సాధించారు. ఆమె దగ్గర చివరిదాకా ఆడిన ప్రతి క్రీడాకారిణీ పట్టా పుచ్చుకుంది. అంటే తప్పు కాఠిన్యానిది కాదు, ఆ కాఠిన్యం అమ్మాయిలను నిలబెడుతోందా తరిమేస్తోందా అన్నదే ప్రశ్న. 2021 నుంచి కాలేజీల మధ్య క్రీడాకారిణుల బదిలీలు సులువయ్యాయి, వెళ్లిపోవడం ఇప్పుడు మామూలే అనే మాటలోనూ నిజముంది. అందుకే వెళ్లినవారి సంఖ్యతో సరిపెట్టుకోకూడదు. కోచ్ అధికార పరిధిలో లేని వ్యక్తి ఒకరు కూర్చుని, ఎందుకు వెళ్తున్నారో ప్రతి ఒక్కరినీ అడగాలి. విన్నదాన్ని యాజమాన్యం రాతపూర్వకంగా తన ముందుంచుకోవాలి. అప్పుడు 18 ఓటముల కోచ్‌కు ఇంకో ఏడాది ఎందుకిచ్చారో, 18 గెలుపుల కోచ్‌ను ఎందుకు నిలదీశారో చెప్పడానికి దాని దగ్గర పాయింట్ల పట్టిక కాక మరో ఆధారం ఉంటుంది.