రక్తపుపోటు మందులు – నెలకు ముప్పది మాత్రల లెక్క

ధమనులలోని రక్తపు ఒత్తిడి హృదయము ముడుచుకొన్నప్పుడు 140 మిల్లీమీటర్ల పాదరసమునకు గాని, సడలినప్పుడు 90కి గాని చేరి నిలిచినచో అది అధిక రక్తపుపోటు. చిక్కేమనగా, సాధారణముగా రోగికి నొప్పి యుండదు, జ్వరము రాదు. ఏ బాధయు లేనివానికి మాత్ర దొరకుట కూడ కష్టమైనచో, మానివేయుటలో వింత యేమున్నది?

ఆమ్లోడిపిన్ అను మందునే తీసికొందము. ధమనుల గోడలలోని కండరకణములు ముడుచుకొనుటకు కాల్షియము కావలెను. ఈ మందు ఆ కాల్షియము లోనికి చొరకుండ కొంతవరకు అడ్డగించును. కండరము సడలి రక్తపు దారి వెడల్పగును. రక్తములో మందు సగమునకు తగ్గుటకు 30 నుండి 50 గంటలు పట్టును. కావున మాత్రలు అయిపోయిన మరునాడు రోగికి తేడా తెలియదు. కొన్ని దినములలో పోటు మరల పెరుగును, అప్పుడును తెలియదు! పక్షవాతము వచ్చిననాడు తెలియును.

వారమునకు ఏడు మాత్రలే యిచ్చినచో వ్యవసాయకూలి నెలకు నాలుగుమారులు పని మానుకొని బస్సెక్కవలెను. మందు ఉచితమే, ప్రయాణము కాదు. 2017లో ఆరంభమైన భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమము ఈ చిక్కును విప్పబూనినది. తొలివిడత ఐదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. కొలది మందులతో ఒకే చికిత్సాక్రమము, ఒకేసారి 30 దినముల మాత్రలు, అవియు ఊరికి దగ్గరగా నున్న కేంద్రముననే ఇచ్చుట దీని పద్ధతి.

మందుల రకములు తగ్గుటచే సరఫరాను ముందుగా లెక్కగట్టవచ్చును. 200 మంది రోగులకు దినమునకొక మాత్ర చొప్పున నెలకు 6,000. క్రొత్త సరుకు వచ్చుటకు మూడు నెలలు పట్టునేని గిడ్డంగిలో 18,000 ఉండవలెను. కొందరికి రెండవ మందు చేర్చవలసి యుండును గనుక దాని లెక్క వేరు.